పండగ చీరల పట్టీ

ఈ ఏడు కాఫీ గింజలు ఎండబెట్టే రోజుల్లో నేనొక కథ రాశాను. ఇప్పుడు ఆ కథ మీద నాకున్నంత కోపం కంపెనీ మీద కూడా లేదు. కంపెనీ తన పని తాను చేసుకుపోయింది. నేనే, అన్నీ తెలిసినదానిలా, ఊరికి ముందుచూపు నేర్పుతానని బయలుదేరాను.

మాది ఉసిరిగుడ. అరకు నుంచి జీపులో గంట, దిగాక అరగంట నడక. నలభై గడపలు. మా పైకొండ మీద ఒక చెరువు తవ్వుతామని, కింద పారే గెడ్డకు అడ్డంగా ఇంకో చెరువు కడతామని, కింది నీళ్ళు పైకి తోడి మళ్ళీ కిందకు వదిలి కరెంటు తీస్తామని నిరుడు ఒక కంపెనీ వచ్చింది. పై చెరువు తవ్వితే మా కాఫీ తోటలు పోతాయి. కింది చెరువు నిండితే మా ఇళ్ళు పోతాయి. అయితే ఏజెన్సీలో గ్రామసభ ఒప్పుకోకుండా ఇలాంటివి కట్టడానికి వీల్లేదని చట్టం ఉంది. ఊరు కాదంటే కాదు. మా దగ్గరున్న బలమల్లా ఆ ఒక్క మాటే.

నేను ఆశ్రమ పాఠశాలలో తెలుగు చెబుతాను. కాంట్రాక్టు ఉద్యోగం. శని, ఆదివారాలు ఇంటికి వస్తాను. ఇంట్లో మా అమ్మ సోములమ్మ, నేను. నాన్న పోయేముందు వేసిన ఎకరం కాఫీ తోట పైకొండ మీదే ఉంది. అమ్మ రోజుకొకసారి అక్కడికి వెళ్ళకుండా ఉండలేదు, పనున్నా లేకపోయినా.

విశాఖలో డిగ్రీ చదివేటప్పుడు నాకు రాబోయే చెడ్డరోజుల నవలల పిచ్చి పట్టింది. ప్రభుత్వమే దెయ్యమై మనుషుల్ని మింగేసే కథలు. అవి చదివినవాళ్ళకు ఒక జబ్బు వస్తుంది. లోకంలో ఏం జరిగినా, "ఇది అచ్చం ఆ పుస్తకంలోలాగే ఉంది" అంటారు. మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఒక పార్టీవాడు ఇంకో పార్టీని ఆ నవలల్లోని రాజ్యంతో పోలుస్తాడు, వాడు తిరిగి వీణ్ణి పోలుస్తాడు. ఇద్దరూ అదే పుస్తకం ఎత్తుతారు. అది చూసి నవ్వుకునేదాన్ని. నేనైతే సరిగ్గా పోలుస్తానని నా నమ్మకం.

సంక్రాంతి దాటాక ఒక ఆదివారం, కళ్ళంలో పరదాల మీద కాఫీ గింజలు ఆరబోసి, ఆడవాళ్ళంతా నల్లగింజలు ఏరుతున్నారు. నేను లాంగ్ నోటుబుక్కు తీసి చదవడం మొదలుపెట్టాను.

నా కథలో ఒక దేశం. అక్కడ రాజు మనుషుల్ని ఏమీ అడగడు, నీడల్ని అడుగుతాడు. మనిషిని గోడ ముందు నిలబెడతారు. అధికారి దీపం పట్టుకుని "నీ ఇల్లు రాజుగారికి ఇస్తావా?" అంటాడు. మనిషి నోరు తెరిచేలోపు దీపాన్ని కిందికి దించుతాడు. గోడ మీద నీడ బారుగా సాగి దాని చెయ్యి పైకి పోతుంది. "నీడ చెయ్యెత్తింది, ఒప్పుకుంది" అని రాసేసుకుంటారు. మనిషి ఎంత మొత్తుకున్నా లాభం లేదు. ఆ దేశంలో మనిషి మాట చెల్లదు, నీడ మాటే చెల్లుతుంది.

చదవడం ఆపి అందరి మొహాలూ చూశాను. కాస్త భయపడతారని ఆశ. మా వెనకింటి కనకత్త గింజలు ఏరుతూనే అడిగింది.

"ఒలే నిర్మలా, ఆ దీపం ఊదేత్తే అయిపోద్ది గదే? దేశం మొత్తం మీద ఎవుడి నోట్లోనూ గాలి నేదేటి?"

కళ్ళమంతా ఒకటే నవ్వు. కనకత్తకు అరవై దాటాయి. థింసా ఆడితే ఇప్పటికీ వరసకు ముందు నిలబడేది ఆవిడే. నోటికి అదుపు లేదు. నాకు ఒళ్ళు మండి నోటుబుక్కు మూసేశాను.

"అలగకే. సదువు, సదువు. మబ్బేసిన రోజున ఏటి సేత్తారో అదీ రాసినావా?" అంది ఆవిడ మళ్ళీ.

అమ్మ మాత్రం నవ్వలేదు. నన్నే అడిగింది. "అంటే ఏటి, మనం ఒప్పుకున్నట్టు మనకి తెలీకుండానే రాసేసుకుంటారనా? ఏలిముద్రలాటిదా ఆ నీడ?"

"అదేనమ్మా!" అని ఎగిరి గంతేసినంత పని చేశాను. "నీడంటే మన వేలిముద్ర. కంపెనీవాళ్ళకు కావలసింది మనం కాదు, మన వేలు. గ్రామసభ పెడతారు, ఏదో చదువుతారు, హాజరుకని వేలు వెయ్యమంటారు. వేశామా, ఊరు ఒప్పుకున్నట్టే."

ఆ రోజు నుంచి నా కథకు గిరాకీ పెరిగింది. ప్రతి ఆదివారం కళ్ళంలో ఒక భాగం. రేషన్ డిపో దగ్గర మిషను రెండుసార్లు వేలు అడిగితే, "దీపం దించుతన్నాడర్రా" అని అరిచేవాళ్ళు. కొలతలకని వచ్చిన సర్వేవాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చారు గానీ కాగితం మీద చెయ్యి పెట్టలేదు. గ్రామసభ మే రెండున అని పంచాయతీ నుంచి కబురొచ్చింది. ఊరి పెద్ద గాసి మావ చేత, మిగతా మగవాళ్ళ చేత, ఆడవాళ్ళ చేత నేను గట్టిగా కంఠతా పట్టించాను. కాగితం మీద వేలు వెయ్యం, నోటితో చెబుతాం, మా మాట "కాదు" అని.

ఇక్కడ నా గొప్పతనం ఇంకొకటి చెప్పాలి. నా కథలో దీపం పట్టుకొచ్చే అధికారులు నల్లబట్టలు వేసుకుంటారు. ఎప్పుడూ నవ్వరు. వాళ్ళు ఊళ్ళోకి అడుగుపెడితే కుక్కలు కూడా మొరగడం మానేస్తాయి. ఆ భాగం రాసి నన్ను నేనే మెచ్చుకున్నాను. కనకత్తకు కూడా అది బాగా నచ్చింది. "నవ్వనోడు వత్తే ఊళ్ళోకి రానీకండి" అని చిన్నపిల్లలకు సైతం చెప్పేది.

ఏప్రిల్లో ఇటికల పండగ వచ్చింది. మగవాళ్ళంతా విల్లంబులు పట్టుకుని మూడు రోజులు అడవికి పోతారు. ఇప్పుడు వేటాడేందుకు ఏమీ లేదు. అడవిలో జంతువులు లేవు, ఉన్నా ఫారెస్టువాళ్ళు ఊరుకోరు. అయినా పోతారు. ఉత్త చేతులతో తిరిగొస్తే మేం పేడనీళ్ళు చల్లి ఏడిపిస్తాం. ఆ మూడు రోజులూ ఊరు ఆడవాళ్ళది. రోడ్డుకు అడ్డంగా వెదురుకర్ర కట్టి వచ్చే ప్రతి బండినీ ఆపుతాం. పాట పాడతాం. వాళ్ళు ఏదో ఒకటి ఇచ్చాకే కర్ర ఎత్తుతాం. ఒక్క బిస్కెట్టు ఇచ్చినా తీసుకోవాలి. అడ్డుకర్ర దగ్గర ఇచ్చింది వద్దంటే వేటకెళ్ళినవాళ్ళకు కీడు. మా అమ్మ వాళ్ళమ్మ కాలం నుంచీ ఉన్న కట్టుబాటు అది.

రెండో రోజు పొద్దున్న పదింటికి ఒక వ్యాను వచ్చింది. ముందు సీట్లోంచి దిగింది ఫల్గుణ బావ. మా మేనమామ కొడుకు. పక్క ఊరే. చిన్నప్పుడు మా ఇద్దరికీ ముడిపెట్టి అందరూ ఆటపట్టించేవాళ్ళు. ఏడాదిగా కంపెనీలో, ఊళ్ళవాళ్ళతో మాట్లాడే పనికి చేరాడని తెలుసు. అందుకని నేను మాట్లాడటం తగ్గించాను కూడా. కానీ ఆ రోజు తలకు ఎర్ర తువ్వాలు చుట్టుకుని, పండగ మనిషిలా నవ్వుతూ దిగాడు.

"ఏటి మరదలా, నాకూ అడ్డేనా? ఇంటోణ్ణి గదా!"

"ఇంటోడైతే రెట్టింపియ్యాల" అంది కనకత్త. "ముందు ఆడు. ఆడితే గానీ కర్ర ఎత్తం."

ఆడాడు. కనకత్త పక్కన వరసలో చేరి, నడుం చుట్టూ చేతులేసి, అడుగు తప్పకుండా థింసా ఆడాడు. మా ఊరి ఆడవాళ్ళు చెమటలు పట్టేదాకా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత వ్యాను తలుపు తీశాడు. లోపల చీరలు. పచ్చచీర, ఎర్రంచు. అన్నీ ఒకటే రకం.

"పోయినేడు అరకులో థింసా పోటీకెల్లి, ఒకేలాటి చీరల్లేవని వెనకబడిపోయాం అన్నారు గదా. అందరికీ తెచ్చినాను."

నిజమే, అన్నాం. ఆ మాట ఏడాది పాటు గుర్తు పెట్టుకున్నాడు. అప్పుడు నాకు ముచ్చటేసింది.

అమ్మ ఒక చీర తీసి అంచు చూసింది. "కంపెనీ చీరలేట్రా ఇవి?"

"అవునత్తా, దాయడం దేనికి? పండక్కి ఊరూరా ఇత్తన్నారు. వద్దంటే ఎనక్కి అట్టుకుపోతాను. కానీ అడ్డుకర్ర కాడ ఇచ్చింది వద్దంటారేటి, మనోళ్ళు వేటలో ఉండగా?"

ఆడవాళ్ళందరూ అమ్మ వైపు చూశారు. అమ్మ నా వైపు చూసింది. చదువుకున్న కూతుర్ని, కథ రాసినదాన్ని కదా.

"తీసుకుందాం అమ్మా. చీరలే కదా" అన్నాను.

చీరలు దించారు. పంచుతూ ఉండగా ఫల్గుణ బావ ఒక తెల్లకాగితాల కట్ట, పెన్నూ నా చేతికిచ్చాడు. "ఎవరికిచ్చానో పట్టీ సూపించాల. నేదంటే సంతలో అమ్ముకున్నానంటారు మావోళ్ళు. నీ రాత బాగుంటాది. నువ్వు రాసీ, మరదలా. పైన నాలుగ్గీతలు ఒగ్గేయ్, అక్కడ కంపెనీ పేరు అచ్చేసుకుంటారు."

నేను నాలుగు గీతలు వదిలాను. స్కేలు లేదు కాబట్టి చీర అట్టముక్క పెట్టి మార్జిను గీశాను. వరస నంబరు, పేరు, భర్త లేక తండ్రి పేరు, వేలిముద్ర. టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది! ఎవరి పేరూ తప్పిపోకూడదని ఒక్కొక్కరినీ పిలిచి అడిగి రాశాను. బావ స్టాంపు ప్యాడు తెరిచాడు. కనకత్త వేలు చాచబోయి ఆగింది.

"ఏలెయ్యొద్దన్నావు గదే గుంటా?"

"అది గ్రామసభలో అత్తా. ఇది చీర ముట్టినట్టు."

"అలాగైతే సరే" అని వేసింది.

అరవై మూడు పేర్లు. చివర "రాసినవారు" అని రాసి నా పేరు, నా ఉద్యోగం, నా సంతకం. బావ అడగలేదు కూడా. నేనే పెట్టాను. సంతకం లేని కాగితం నాకు నచ్చదు. తర్వాత అందరూ ఆ చీరలు కట్టుకుని వరసగా నిలబడి ఆడుతుంటే అతను ఫోన్లో ఫోటోలు తీశాడు. కర్ర ఎత్తాం. వ్యాను వెళ్ళిపోయింది. మర్నాడు మగవాళ్ళు ఒక్క కుందేలుతో తిరిగొచ్చారు. మూడు రోజులకు ఒక్క కుందేలేనా అని పేడనీళ్ళు చల్లాం. ఊరంతా ఆ పచ్చచీరల్లో నవ్వులే నవ్వులు.

మే రెండున గ్రామసభ. పొద్దున్నే చోడి అంబలి తాగి అందరం బడి దగ్గర కూర్చున్నాం. గాసి మావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఎవరు ముందు లేవాలో, ఎవరు ఏం చెప్పాలో అనుకున్నాం. అమ్మకు నలుగురిలో మాట్లాడటం భయం. అయినా "మా ఆయన ఏసిన తోట, ఇవ్వను" అని ఒక్క మాట చెబుతానని పట్టుబట్టింది. రాత్రంతా దాన్నే గొణుక్కుంది. పదకొండైంది, ఒంటిగంటైంది. ఎవరూ రాలేదు. మూడింటికి పంచాయతీ నుంచి ఒకతను బైకు మీద వచ్చి, "ఇవాళ సభ లేదంట, పొండి" అని బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

"బయపడ్డార్రా!" అని గాసి మావ కేకేశాడు.

ఎంత సంబరం! కనకత్త అక్కడికక్కడే అడుగేసింది. ఎవరో జీలుగు కల్లు తెచ్చారు. అమ్మకు మాత్రం కాస్త నిరుత్సాహం, నేర్చుకున్న మాట చెప్పే అవకాశం రాలేదని. నేను ఇంటికెళ్ళి నా కథకు ఆఖరి భాగం రాశాను. అందులో జనం గెలుస్తారు. ఛీ! ఆ నాలుగు పేజీలూ తర్వాత చింపి పొయ్యిలో పెట్టాను.

పది రోజులకు అమ్మ తోట నుంచి పరిగెత్తుకొచ్చింది. "మన తోటలో ఎవరో ఎర్రరంగు రాళ్ళు పాతినారే. మిరియం తీగ కోసీసి మరీ పాతినారు."

ఒక్క మా తోటలోనే కాదు, కొండంతా పాతారు. మర్నాడు నేనూ, గాసి మావా పాడేరు వెళ్ళాం. రెండు ఆఫీసులు తిరిగాక ఒకచోట ఒక అధికారి ఫైలు తెప్పించాడు. నల్లబట్టలేమీ లేవు. గళ్ళ చొక్కా. మమ్మల్ని కూర్చోమని టీ కూడా ఇప్పించాడు.

"మీ ఊరి గ్రామసభ అయిపోయింది కదమ్మా. ఏప్రిల్లోనే. తీర్మానం ఉంది, చూడండి."

ఫైలు తిప్పి నా ముందు పెట్టాడు. పైన నాలుగు వరసలు అచ్చులో ఉన్నాయి. ఉసిరిగుడ గ్రామసభ ఫలానా తేదీన సమావేశమై, ప్రాజెక్టును చర్చించి, హాజరైన సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదించడమైనది. దాని కింద ఒకటో నంబరు నుంచి నా రాత. మార్జినుతో సహా. వెనక పేజీలో ఫోటో. పచ్చచీరల్లో మా వాళ్ళందరూ చేతులు కలిపి ఆడుతున్నారు. కింద "ప్రజల హర్షం" అని రాసి ఉంది. వరసలో ఆరో మనిషిని నేనే. పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాను.

"ఇది చీరల పట్టీ సార్" అన్నాను.

"ఈ రాత మీదేనా?"

"నాదే."

"సంతకం?"

"నాదే సార్, కానీ పైన ఏమీ లేదు అప్పుడు."

"మీరు టీచరు కదమ్మా. ఖాళీ కాగితం కింద సంతకం పెట్టారా?" అని అడిగాడు. వెటకారంగా కూడా కాదు, నిజంగా తెలుసుకుందామన్నట్టు అడిగాడు. మొత్తం ఓటర్లు నూట పద్దెనిమిది మంది, అరవై మూడంటే సగం దాటిందని కూడా ఆయనే లెక్క చెప్పాడు.

గాసి మావకు చదువు రాదు. "ఏటంటన్నాడే? ఏటుంది అందులో?" అని నా మోచెయ్యి పట్టుకుని లాగుతున్నాడు. బయట మెట్ల మీద కూర్చోబెట్టి అంతా చెప్పాను. ఆయన లేచి జీపు వైపు నడిచాడు. తిరిగి వచ్చేటప్పుడు జీపులో నా పక్కన చోటున్నా, వెళ్ళి డ్రైవరు వెనక ఇరుక్కుని కూర్చున్నాడు.

దారిలో ఫల్గుణ బావకు ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తాడు.

"పైన ఏటి అచ్చేసినారో నాకు తెలీదు మరదలా. ఒట్టు. పట్టీ ఇమ్మన్నారు, ఇచ్చినాను."

"నీకు సిగ్గు లేదా?"

"నువ్వు రాసినప్పుడు నీకు తెలిసిందేటి? నాకూ అంతే."

నిజం చెప్పాడో అబద్ధమో నాకిప్పటికీ తెలియదు. అబద్ధమైతే తిట్టుకోవచ్చు. నిజమైతే ఎవరిని తిట్టాలి?

ఆ సాయంత్రం ఊరంతా మా ఇంటి ముందు చేరింది. గాసి మావ జరిగింది చెప్పాడు. నేను తిట్లు తినడానికి సిద్ధపడే ఉన్నాను. మోసపోయావు, తెలివితక్కువదానివి అంటారనుకున్నాను. అవి అయితే పడేదాన్ని. కనకత్త అలా అనలేదు.

"అన్నీ ముందే రాసినావు గదే. దీపం ఎలాగ దించుతారో, నీడ సెయ్యి ఎలాగ లెగుస్తాదో, అంతా నీకు తెలుసు. మూడు నెల్లు కూకోబెట్టి మాకు సదివి వినిపించినావు. అలాటిదానివి నీకు తెలీలేదంటే మేమెలాగ నమ్మాలే?"

"అత్తా, నాకు నిజంగా..."

"ఏలెయ్యొద్దన్నావు గదా అని అడిగినానా నేదా? అందరూ ఇన్నారు. ఇది వేరే, ఎయ్యమన్నది ఎవుతి?"

"మేం వేటకెల్లిన రోజు సూసుకుని వచ్చినాడు" అన్నాడు గాసి మావ. "ఆ రోజు ఊళ్ళో సదువుకున్నది నువ్వొక్కర్తివే. ఆడు నీకు బావ. మరి మేమేటనుకోవాల?"

నేను అరిచాను, ఏడ్చాను, దేవత మీద ఒట్టు పెట్టాను. నా కథలో మోసగాళ్ళు వేరే రకంగా ఉంటారని చెప్పబోయి, ఆ మాట నా చెవులకే ఎంత సిగ్గుచేటుగా వినిపించిందో! ఆపేశాను. అమ్మ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. నా తరఫున ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

మళ్ళీ పాడేరు వెళ్ళి వకీలు అనురాధగారిని కలిశాను. ఆవిడ మంచి మనిషి. ఫీజు మాటే ఎత్తలేదు. తీర్మానం మీద అభ్యంతరం చెప్పడానికి గడువు ఇంకా తొమ్మిది రోజులే ఉందని చెప్పారు. "పట్టీలో ఉన్నవాళ్ళలో సగం మంది, అంటే ముప్పై రెండు మంది, అది చీరలకు వేసిన వేలిముద్ర అని విడివిడిగా చెప్పాలి. ఒక్కొక్కరికీ ఒక కాగితం. సంతకమో, వేలిముద్రో. ముప్పై రెండు తెండి, మిగతాది నేను చూసుకుంటాను" అన్నారు. ఉద్యోగం పోయే ప్రమాదం ఉందని కూడా హెచ్చరించారు. నేను రాసిన కాగితం తప్పని నేనే ఒప్పుకోవాలి కదా. పోతే పోనీ అన్నాను. అరవై మూడు కాగితాలు టైపు చేయించుకుని, స్టాంపు ప్యాడు కొనుక్కుని జీపెక్కాను.

ముందు కనకత్త ఇంటికే వెళ్ళాను. కాగితం మొత్తం నిదానంగా చదివి వినిపించాను. పైన ఖాళీ లేదని వేలు పెట్టి చూపించాను. ఆవిడ అంతా విని, నవ్వింది. కళ్ళంలో నవ్విన నవ్వు కాదది.

"ఏలేసింది తప్పని సెప్పడానికి ఇంకోపాలి ఏలెయ్యాలా?"

"అవునత్తా. చట్టం అలా ఉంది."

"మరి ఇది దేనికి అంటిత్తారో?"

"చదివాను కదత్తా, ఇందులో ఏముందో."

"నువ్వు సదివింది అందులో ఉందని నాకెవుడు సెప్పాల? రాసేదానివీ నువ్వే, సదివేదానివీ నువ్వే." చేతులు చంకల్లో దాచుకుంది. "ఎవులికీ ఏలివ్వొద్దని సెప్పినావు. ఆ మాట మీద ఉంటాను. ఎల్లు."

నేను నేర్పిన పాఠమే. పరీక్ష పెడితే ఊరంతా నూటికి నూరు. ఒక ఇంట్లో తలుపు వేసుకున్నారు. ఇంకో ఇంట్లో అరటిపండు ఇచ్చి కూర్చోబెట్టి మరీ వెయ్యనన్నారు. కొందరు ఎర్రంచు చీర తెచ్చి నా ఒళ్ళో పడేశారు, ఇది పట్టుకెళ్ళి మా వేలు మాకిచ్చేయమని. ఎనిమిది రోజులు తిరిగాను. గెడ్డ దగ్గర కాపుకాశాను, తోటల్లో వెంటపడ్డాను, సంతకు వెళ్ళే జీపు ఆపాను. ఎవరితో మాట్లాడినా వాళ్ళ కళ్ళు నా చేతిలో స్టాంపు ప్యాడు మీదే ఉండేవి. కొండ పోతుంది, ఇళ్ళు మునుగుతాయి అంటే, "తెలుసు" అనేవాళ్ళు. వేలు మాత్రం వేసేవాళ్ళు కాదు.

పదకొండు వచ్చాయి. అందులో నలుగురు నా పాత విద్యార్థులు, సంతకం చెయ్యగలిగినవాళ్ళు. తామే చదువుకుని చేశారు.

అమ్మను నేను అడగలేదు. భయం. అదొక్కటే అసలు నిజం. పట్టీలో ఆవిడది రెండో పేరు.

ఆఖరి రోజు పొద్దున్నే అమ్మ అరుగు మీద సామలు చెరుగుతోంది. నేను కాగితాలు సంచిలో సర్దుకుంటున్నాను. చేట పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని, వచ్చి నా ముందు కూర్చుంది.

"ఎక్కడెయ్యాల?"

ఆవిడ కాగితం వెతికి తీసి, చదవడానికి పైకెత్తాను. అమ్మ అరచెయ్యి దాని మీద పెట్టి కిందికి దించింది.

"సదవకు."

"విని వెయ్యమ్మా. ఒక్క నిమిషం పడుతుంది. ఇందులో ఏముందో నువ్వు వినాలి."

"వద్దు."

"అలా వెయ్యకూడదమ్మా. తెలియకుండా వెయ్యకూడదు."

"ఇంటే ఎయ్యలేనే" అంది అమ్మ. "నీ నోటెంట ఇంటే నమ్మలేను, ఎయ్యలేను. కన్నాను, ఏత్తన్నాను. బేగి సూపించు."

చూపించాను. వేసింది. లేచి వెళ్ళి చేట అందుకుంది.

మూడు నెలలు కళ్ళంలో నేను నేర్పినదంతా, తెలియకుండా వెయ్యొద్దనే. ఆ వేలు తీసుకోకూడదని, చింపెయ్యాలని నాకు తెలుసు. చింపలేదు. సిరా ఆరేదాకా ఊది, పదకొండు కాగితాల మీద పన్నెండోదిగా పెట్టుకుని, పాడేరు జీపుకు నడిచాను.